పలికిందంటే పలికినట్టే

ఓవెన్ పీక తెగేలా కూస్తోంది. గొట్టాలు కాలడం అయిపోయిందని చెప్పడానికి అది అలాగే కూస్తుంది, ఎవరో ఒకరు వచ్చి మీట నొక్కేదాకా ఊరుకోదు. దాని గోల భరించలేక పక్క షెడ్డువాళ్ళు మా మీదికి దెబ్బలాటకు కూడా వచ్చారు. అత్తగారు దానికి మూరెడు దూరంలో స్టూలు మీద కూర్చుని, ఒక గొట్టం అంచును గరుకు కాగితంతో రుద్దుతున్నారు.

"అత్తయ్యా, కాస్త దాని నోరు ముయ్యండి!" అని లోపలి గదిలోంచి కేకేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వినీ విననట్టు ఉండడం మా అత్తగారికి వెన్నతో పెట్టిన విద్య. నాలుగు మాటలు అనేద్దామని తడి చేతులతోనే విసవిసా వచ్చాను. వచ్చి, ఆవిడ వెనకే ఆగిపోయాను. ఆవిడ ముఖం పక్క నుంచి కనిపిస్తోంది. అంత మోత చెవిలో పడుతుంటే ఎంత మొండి మనిషికైనా నొసలు ముడిపడాలి. ఆవిడ నొసలు నిద్రపోతున్న పసిపిల్ల నొసలులా ఉంది.

"అత్తయ్యా, మీ కాఫీలో ఈగ పడింది" అన్నాను. కదల్లేదు. గొంతు పెంచి, "మీ అంత గయ్యాళి అత్త ఈ భూప్రపంచంలో ఉండదు" అన్నాను. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట అది. అనేశాక నాకే భయమేసి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకుని, మళ్ళీ రుద్దుకోవడం మొదలుపెట్టారు.

ఇంకో రోజైతే ఆ తిట్టు నాకు పండగలా ఉండేది. ఆ రోజు మాత్రం ఒళ్ళు చల్లబడిపోయింది. ఎందుకంటే, ఈవిడ చెవిని నమ్ముకుని నా ఆడపడుచు కొండ మీంచి సైకిల్ మీద కిందికి దూసుకురాబోతోంది, అదీ ఆ పూటే.

మాది కార్బన్ ఫైబర్‌తో సైకిల్ ఫ్రేములు చేసే ఇల్లు. ముందు షెడ్డు, వెనక వంటగది. జిగురు పట్టించిన నల్లటి కార్బన్ బట్టను ముక్కలు కోసి, అచ్చులో పొర మీద పొర పేర్చేది నేను. అచ్చు బిగించి ఓవెన్‌లో పెట్టి, గట్టిపడ్డాక బయటికి తీసేది మా ఆయన. తయారైన ఫ్రేమును చిటికెన వేలితో ఎత్తచ్చు. కానీ పొరల మధ్య ఎక్కడైనా అతుకు పట్టకపోతే పైకి ఏమీ కనిపించదు, రంగు వేశాక అసలే కనిపించదు. ఇనుములా వంగి, సొట్టపడి, ముందుగా చెప్పి విరిగే సరుకు కాదిది. బాగున్నంత సేపు బాగుంటుంది, తర్వాత ఒక్కసారిగా పుటుక్కుమంటుంది.

అందుకని వినాలి. నాణెంతో కొట్టి వినాలి. పొరలు బాగా కలిసిన చోట టంగుమంటుంది, కలవని చోట దబ్బుమంటుంది. చెప్పడానికి తేలికే గానీ ఆ రెంటికీ తేడా ఒక్కోసారి వెంట్రుకవాసి. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. వేసిన చెయ్యి వినకూడదు, కాల్చిన చెయ్యీ వినకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఎవరి పని వాళ్ళ చెవికి కమ్మగానే ఉంటుంది. అందుకే వినే పని మా మామగారి కాలం నుంచీ అత్తగారిది. ఆవిడ కళ్ళు మూసుకుని నాణెం ఆడించి "పలికింది" అంటే ఆ ఫ్రేము గడప దాటుతుంది. "మూగ" అంటే మా ఆయన నోరెత్తకుండా రంపం అందుకుంటాడు. ఎదురు చెప్పినవాళ్ళు లేరు. పలికిందంటే పలికినట్టే.

ఇక నా ఆడపడుచు. మనిషి సన్నం, కాళ్ళు పొడుగు, ఒక చోట నిలవదు. తూనీగ అని పేరు పెట్టింది నేనే, తిట్టుగానే పెట్టాను. అందరూ దాన్ని ముద్దుపేరు చేసేశారు, నా ఖర్మ. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు గానీ మా ఆడబిడ్డ ముప్పాతిక మొగుడు. ఆ రోజు పోటీలో ముందు నిలిచినవాళ్ళను జట్టులోకి తీసుకుంటారు. కొండ ఎక్కి, అవతలి వైపు మలుపుల దారిలో దిగాలి. ఎక్కడంలో దాన్ని మించినవాళ్ళు ఉన్నారు, దిగడంలో లేరు. మలుపు దగ్గర బ్రేకు పట్టినప్పుడు మనిషి బరువూ వేగమూ అంతా ముందు చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య పట్టుకునే ఫోర్కు మీద పడతాయి. ఆ ఫోర్కు కొత్తది. ఈ పోటీ కోసమే నేను వేశాను.

వేసిన రోజు మా ఇద్దరికీ పెద్ద యుద్ధం. "రెండు పొరలు తగ్గించు వదినా, బరువు తగ్గుతుంది" అని పక్కన చేరి పోరు పెట్టింది. "నీ బుర్రలో ఉన్న బరువు తగ్గించుకో ముందు" అన్నాను. నేను గెలవడం నీకు ఇష్టం లేదంది. నువ్వు గెలిచినా ఓడినా నాకు తోమే గిన్నెలు తగ్గవన్నాను. కార్బన్ ముక్క వెనక అంటుకుని ఉండే పసుపుపచ్చ ప్లాస్టిక్ పొరను ఒలవడం, ఒలిచినదాన్ని నా ఆప్రాన్‌కు అంటించుకోవడం, ముక్కను అచ్చులో నొక్కడం, మధ్యమధ్యలో దానికి జవాబు చెప్పడం, అన్నీ ఒకేసారి నడిపించాను. పొరలు మాత్రం తగ్గించలేదు. అది తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

నా భయం నా పని మీద కాదు. ఫోర్కు ఓవెన్‌లో కాలుతున్నప్పుడు కరెంటు పోయి వచ్చింది. ఇంకాసేపు ఉంచండి అన్నాను, చాల్లే అన్నాడు మా ఆయన. అప్పుడు పట్టించుకోలేదు, అత్తగారు వింటారు కదా అనుకున్నాను. ఆ విన్న చెవి ఇదన్నమాట!

ఓవెన్ నోరు మూసి, పోటీ దగ్గర ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏవండీ, తూనీగను ఆపండి. అత్తయ్యకు చెవులు వినపడటం లేదు."

"ఎవరికి?"

"మీ అమ్మగారికి! ఫోర్కు ఆవిడ వినలేదు, విన్నట్టు నటించారు."

అవతల జనం గోల, మైకులో ఎవరో అరుస్తున్నారు. "పోటీ రోజు కూడా మొదలుపెట్టావా?" అన్నాడు.

"ఒట్టు. ఓవెన్ కూస్తుంటే పక్కనే కూర్చుని..."

"అమ్మ విననట్టు ఉంటుంది, అది వేరే సంగతి. నీ మాట పట్టుకుని ఆపితే చెల్లి నన్ను బతకనివ్వదు. అమ్మ పలికింది అంది, అయిపోయింది. పెట్టెయ్."

తనే పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పోటీ అప్పుడు తూనీగ ఫోనూ ఆయన జేబులోనే ఉంటుంది. ఆయన్ను అని లాభం లేదు. అత్త మీద కోడలు చెప్పే మాటకు ఏ ఇంట్లో విలువుంది? ఆ ఫోర్కును ఆపగలిగిన నోరు ఒకటే ఉంది, అది నా ఎదురుగా గొట్టం రుద్దుకుంటోంది.

వెళ్ళి ముందు నిలబడ్డాను. "అత్తయ్యా, మీకు వినపడటం లేదు."

ఆవిడ కళ్ళు నా పెదవుల మీద ఉన్నాయి. ఎన్నాళ్ళుగా అక్కడే ఉంటున్నాయో, నేను చూసుకోలేదు. "నువ్వు గొణుగుతావు" అన్నారు. "నోరు తెరిచి మాట్లాడే అలవాటు మీ పుట్టింట్లోనే లేదు."

అంత గండంలోనూ నా పుట్టింటిని వదల్లేదు. నేను గిరుక్కున వెనక్కి తిరిగి, గోడతో చెప్పినట్టు, "తూనీగ ఫోర్కు మీరు విన్నారా లేదా?" అని అడిగాను. మళ్ళీ ఇటు తిరిగి, "ఇప్పుడు ఏమన్నాను?" అన్నాను.

ఆవిడ చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది. చాలాసేపు నా ముఖం వెతికారు.

"కూర ఏం చెయ్యమంటారు అని అడిగావు" అన్నారు చివరికి.

నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది, అంతలో కోపం దాన్ని పక్కకు తోసేసింది. "తూనీగ ఫోర్కు అత్తయ్యా! దాని ఫోర్కు విన్నారా అని అడిగాను!"

ఆ పేరు నా పెదవుల మీద చూడగానే ఆవిడ రంగు మారింది. లేచి, డబ్బాలోంచి నాణెం తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. "వ్యాను తియ్యి" అన్నారు. అంతే.

దారంతా నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ రోడ్డు చూస్తూనే ఉన్నారు. సగం ఊరు దాటాక గాని నాకు వెలగలేదు, నా ముఖం ఎదురుగా లేకపోతే ఆవిడకు నేను లేనట్టే. ఎర్ర లైటు దగ్గర ఆగి, భుజం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

"ఎప్పటి నుంచి?"

"కిందటి చలికాలం నుంచి. ముందు ఎడమది, తర్వాత కుడిది."

"మరి ఇన్ని ఫ్రేములు పలికాయన్నారు!"

"పలికాయి" అని దవడ మీద వేలితో కొట్టుకున్నారు. "చెవి పోయింది గానీ ఎముక పోలేదే. గొట్టానికి దవడ ఆనించి కొడితే లోపల మోగుతుంది. చెవులున్నప్పటి కంటే బాగా తెలుస్తుంది."

ఆవిడ ఈ మధ్య ఫ్రేముల మీద చెంప వాల్చి కళ్ళు మూసుకోవడం నేను చూశాను. వయసు మీద పడి సైకిళ్ళ మీద ముద్దు ఎక్కువైందని మా ఆయనా నేనూ నవ్వుకున్నాం కూడా. ప్రాణం లేచొచ్చింది. "అయితే తూనీగది కూడా దవడతో విన్నారు కదా?" అని అడగబోతుండగా లైటు పచ్చబడింది. వెనక నుంచి హారన్లు. నేను ముఖం తిప్పి వ్యాను కదిలించాల్సి వచ్చింది, ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది.

నేను అడగకుండానే ఆవిడ చెప్పారు.

"దానిది మాత్రం వినలేదు. అప్పుడే పన్ను పీకించుకున్నాను కదా. దవడ ఇంత లావు వాచి, గుడ్డ కట్టుకుని తిరిగాను. ఏదీ ఆనించలేను. ఉత్తినే నాణెంతో కొట్టాను, ఏమీ తెలియలేదు. వాడూ అదీ ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తున్నారు. నాలుగు రోజులు ఆగండి అంటే ఎందుకని అడుగుతారు." ఆవిడ గొంతు తగ్గింది. "పలికింది అనేశాను."

"ఎలా అన్నారు? కన్నకూతురు ఎక్కే బండి, ఎలా అనగలిగారు?" అని స్టీరింగు మీద కొట్టాను. ఆవిడకు వినపడలేదు. ఎదురుగా కొండ కనిపిస్తోంది, దాని మీద దారి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది.

"నువ్వు వేసింది కదా" అన్నారు ఆవిడే మళ్ళీ, నా తిట్లకు జవాబిచ్చినట్టు. "ఇన్నేళ్ళలో నీ చేతి పని ఒక్కటి మూగపోలేదు. ఆ ధైర్యంతో అన్నాను."

ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి ఉప్పు తక్కువైందనో గొంతు ఎక్కువైందనో తప్ప ఆవిడ నోట నా గురించి మంచి మాట వినలేదు. ఆ ఒక్క మాట కోసం నేను ఎంత కాచుకున్నానో ఆవిడకు తెలీదు. అది వచ్చిన వేళ చూడండి! కళ్ళలో నీళ్ళు తిరిగి రోడ్డు మసకబారితే మోచేత్తో తుడుచుకుని, ఇంకా గట్టిగా తొక్కాను.

వ్యానును ఒక దుకాణం ముందు అడ్డంగా వదిలేసి పరిగెత్తాం. మోకాళ్ళ నొప్పులని మేడ మెట్లెక్కని మనిషి, నాకంటే ముందున్నారు. దారికి అటూ ఇటూ ఇనుప కంచెలు, వాటి వెనక జనం. లౌడ్‌స్పీకరు పేర్లు చదువుతోంది. సైకిళ్ళు తెల్ల గీత వెనక బారులు తీరి ఉన్నాయి. తూనీగ ముందు వరసలోనే ఉంది, ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద.

మా ఆయన మమ్మల్ని చూసి అడ్డం వచ్చాడు. "ఏంటిది? అమ్మను కూడా లాక్కొచ్చావా?"

"ఆవిణ్ణే అడగండి."

"అమ్మా, ఏమైంది?" అన్నాడు, కంగారుగా చెల్లెలి వైపు చూస్తూ. ముఖం అటు పెట్టి అడిగితే ఆవిడకేం తెలుస్తుంది? అత్తగారు కొడుకు గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నారు.

"నాకు చెవులు లేవురా. దాని ఫోర్కు నేను వినలేదు."

మా ఆయన అడ్డం పెట్టిన చెయ్యి దానంతట అదే దిగిపోయింది.

మేం కంచె దాటుకుని గీత దగ్గరికి వెళ్ళాం. ఈల మెడలో వేసుకున్న పోటీ అధికారి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, బయటికి నడవండి, మొదలుపెడుతున్నాం" అన్నాడు. అత్తగారు అతని వైపు చూడను కూడా లేదు. "నా కూతురు" అంటూ నడిచారు. అతను ఏం చెప్పినా అదే జవాబు.

నన్ను చూడగానే తూనీగ ముఖం ఎర్రబడింది. "ఇప్పుడా వదినా? ఇవాళా?" అంది. గొడవ తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

"దిగు. ఫోర్కు వినాలి."

"అమ్మ విన్నది."

"వినలేదు."

"ఓర్వలేక చేస్తున్నావు ఇదంతా."

"ఓర్వలేకే చేస్తున్నాను. దిగు!"

అత్తగారు అప్పటికే రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, ఫోర్కు ఎడమ కాలికి దవడ ఆనించి, కళ్ళు మూసుకున్నారు. నాణెం కింది నుంచి మెల్లగా పైకి ఎక్కింది. "ఆ ముసలావిడ సైకిల్ కొరుకుతోందిరా" అని కంచె వెనక ఎవరో అన్నారు, నవ్వులు లేచాయి. ఆ నవ్వులు ఆవిడకు వినపడకపోవడం ఒక్కటే ఆ రోజుకు మేలు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, నాకు మాత్రం ఆ నవ్వులకు ఒళ్ళు మండిపోయింది. నా అత్తను నేను అనచ్చు, ఊళ్ళోవాళ్ళెవరు నవ్వడానికి?

"పలికింది" అన్నారు, ఎడమ కాలు వదిలి.

కుడి కాలికి దవడ ఆనించారు. అధికారి గడియారం చూసుకుని ఈల నోట్లో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నాణెం పైకి పోతోంది. రెండు కాళ్ళూ కలిసే చోటికి కొంచెం కిందుగా ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడికే వెళ్ళింది. లౌడ్‌స్పీకరు మోతలో నాకు ఏమీ వినపడటం లేదు, నాణెం కదలడం మాత్రమే కనపడుతోంది. అదే చోట, మళ్ళీ, మళ్ళీ.

అత్తగారు కళ్ళు తెరిచారు. కూతురి వైపు కాదు, నా వైపు చూశారు.

"ఇక్కడ మూగ."

తూనీగ వంగి తల్లి ముఖాన్ని చేతుల్లోకి తీసుకుంది. తల్లికి చెవులు లేవని దానికి అప్పటికే అర్థమైంది, మాటలు ఒక్కొక్కటిగా అంటోంది. "అమ్మా, అప్పుడు పలికింది అన్నావు. ఇప్పుడు మూగ అంటున్నావు. ఏది నమ్మను?"

ఆవిడ మాటను అలా నిలదీసినవాళ్ళు ఇంతవరకు లేరు. చుట్టూ జనం, ముందు కూతురు, పక్కన నేను. ఆవిడ తల దించుకుంటారనుకున్నాను.

"అప్పుడు సిగ్గుపడి అబద్ధం చెప్పాను" అన్నారు. "ఇప్పుడు సిగ్గెక్కడుంది? ఎలా కూర్చున్నానో చూస్తూనే ఉన్నావు కదా."

"ఇక తప్పుకోండి!" అని అధికారి అరిచాడు. మా ఆయన వచ్చి తల్లిని లేపి పక్కకు తెచ్చాడు. తూనీగ నిటారుగా లేచింది, హ్యాండిల్ పట్టుకుంది. దాని చూపు కొండ మీద ఉంది. నేను ఇంకేం చెప్పినా వినదని తెలిసి కూడా "వద్దే" అన్నాను. ఈల మోగింది.

అందరూ ఒక్క ఊపున కదిలారు. తూనీగ కాలు కూడా పెడల్‌ను నొక్కింది. చక్రం ఒక చుట్టు తిరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు బ్రేకు కీచుమంది. వెనకవాళ్ళు తిట్టుకుంటూ దానికి అటూ ఇటూ దూసుకుపోయారు. ఆఖరి సైకిల్ మలుపు తిరిగాక, ఖాళీ రోడ్డు మధ్య అది ఒక్కతే నిలబడి ఉంది.

సైకిల్‌ను విసిరికొడుతుందనుకున్నాను. పసిపిల్లను పడుకోబెట్టినట్టు రోడ్డు మీద పడుకోబెట్టింది. వీపున ఉన్న నంబరు చీటీ పీకి మడిచి జేబులో పెట్టుకుంది. ఏడవలేదు. అది ఏడవకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి తిరిగొచ్చి షెడ్డులో అడుగుపెట్టగానే తూనీగ ఫోర్కు విప్పి, గుడ్డ చుట్టి బల్లకున్న ఇనుప పట్టు వైసులో బిగించింది. మా ఆయన రంపం తీసుకోబోతే లాక్కుంది.

"నేనే కోస్తాను. లోపల ఏమీ లేకపోతే వదినా, నీ మొహం మళ్ళీ చూడను. అమ్మది కూడా."

"కొయ్యి" అన్నాను. నా గుండెలో బెదురు లేదు. అత్తగారి దవడ మీద నాకు నమ్మకం కుదిరింది, తప్పు ఎవరిదో కూడా తెలుసు. మా ఆయన వైపు చూసి, "కరెంటు పోయిన రోజు ఏమన్నాను?" అన్నాను. ఆయన చెమట తుడుచుకున్నాడు. తప్పు తనదేనని ఆయనా నమ్మేశాడు, పాపం.

రంపం కిందికి దిగింది. నల్లటి పొడి రాలింది. నాణెం ఆగిన చోటికి పైన ఒక కోత, కింద ఒక కోత. ఉంగరంలాంటి ముక్క ఊడి బల్ల మీద పడింది. తూనీగ దాన్ని తడిగుడ్డతో తుడిచింది. అంచు నున్నగా, గట్టిగా, ఎక్కడా బుడగ లేకుండా ఉంది. మా ఆయన కాల్పు మంచి కాల్పే. తూనీగ ముఖం బిగుసుకుంది. ముక్కను తిప్పింది, ఇంకొంచెం తిప్పింది, ఒక చోట బొటనవేలి గోరు గుచ్చింది. పొర లేచింది.

లోపల పసుపుపచ్చగా ఉంది.

గోరుతో పట్టి లాగితే బయటికి వచ్చింది. రెండు వేళ్ళ వెడల్పు ప్లాస్టిక్ పొర. ఓవెన్‌లో కాలినా దాని మెరుపు పోలేదు. తూనీగ దాన్ని వెలుతురుకు పట్టుకుంది, తర్వాత నా వైపు చూసింది. మా ఆయనా చూశాడు. నేను తల దించి చూసుకున్నాను. నా ఆప్రాన్ నిండా అలాంటివే, పొద్దున ఒలిచి అంటించుకున్నవి, విప్పడం మరిచిపోయి అలాగే పోటీకి వెళ్ళొచ్చాను.

ఆ పొర ఒలిచే చేతులు ఈ ఇంట్లో రెండే రెండు. గొయ్యి మా ఆయనకని తవ్వాను, అందులో పడ్డది నేను. పోనీ, పడితే పడ్డాను. ఆ మలుపు దగ్గర, ఆ వేగంలో, తూనీగ బ్రేకు పట్టి ఉంటే? తిట్టుకు తిట్టు అప్పజెప్పే సందడిలో నేను ఒలవని పొర అది. స్టూలు మీద కూలబడ్డాను. ఆ పిల్లను నేను చంపేసి ఉండేదాన్ని. నా చేత్తో, నా నోటితో.

"ఏమంటున్నారు? ఏదైనా అంటే నా వైపు తిరిగి అనండి" అన్నారు అత్తగారు.

ఎవరూ ఏమీ అనలేదని ఆవిడకు తెలీదు. నేను లేచి ఆవిడ ఎదురుగా వెళ్ళాను. "తప్పు నాది అత్తయ్యా. ఒలవకుండా వేశాను."

"ఏంటి?"

"తప్పు నాది."

"గొణగకు."

"తప్పు నాదీ!" అని అరిచాను. పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

అత్తగారు నన్ను తేరిపార చూశారు. "మొదటిసారే తెలిసింది" అన్నారు. "మళ్ళీ నీ నోట ఆ మాట వస్తుందో రాదోనని చెప్పించుకున్నాను." తర్వాత నా తడి చెంపను తన గరుకు చేత్తో తుడిచారు. మా ఆయన నవ్వబోయి, చెల్లెల్ని చూసి ఆపుకున్నాడు. తూనీగ ఆ పసుపు పొరను గుప్పిట్లో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఈసారి తలుపు విసిరికొట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

మర్నాడు నేను షెడ్డులోకి అడుగుపెట్టలేకపోయాను. వంటగదిలో కడిగిన గిన్నెలే కడుగుతున్నాను. ఈ చేతులు ఇక అచ్చులో పెట్టకూడదని రాత్రే తీర్మానించుకున్నాను. షెడ్డులోంచి ఫ్రీజరు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. కార్బన్ బట్ట చుట్టలను మేం ఫ్రీజరులో దాస్తాం, వాడే ముందు బయటపెట్టి చల్లదనం పోనివ్వాలి. ఎవరు తీశారా అని తొంగిచూశాను.

చుట్ట బల్ల మీద ఉంది. పక్కన ఫోర్కు అచ్చు, శుభ్రంగా తుడిచి ఉంది. తూనీగ నా స్టూలుకు ఎదురుగా కూర్చుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంటోంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"జట్టు ఎంపిక మళ్ళీ ఏడాదికి" అంది నన్ను చూడకుండా. "ఫోర్కు కావాలి."

"వేరే ఎవరి దగ్గరైనా..."

"వేరే ఎవరిదైనా కావాలనుకుంటే వాళ్ళ దగ్గరికే వెళ్ళేదాన్ని. ఒలిచిన ప్రతి పొరా ఇక్కడ అంటించు, నేను చూసుకుంటాను" అని చెయ్యి చాపింది. "నోరు మూసుకుని వెయ్యి."

"ముందు నువ్వు ముయ్యి" అన్నాను.

ఓవెన్ పక్కన అత్తగారు మా ఇద్దరి పెదవులనూ మార్చి మార్చి చూస్తున్నారు. చుట్ట మెత్తబడ్డాక ముక్కలు కోశాను. మొదటి పసుపు పొర ఒలిచి తూనీగ మణికట్టు మీద అంటించాను. అది దాన్ని వేలితో నొక్కి చూసుకుని, తర్వాతిదాని కోసం చెయ్యి అలాగే ఉంచింది. పొరలు తగ్గించమని మాత్రం అడగలేదు.